కుష్ఠు దవాఖానలు ఆశ్రయాలుగా ఎందుకు మారాయి: డిచ్‌పల్లి చరిత్ర, మీ చిన్న బాపమ్మ సంగతి

మీరు అడిగినవి రెండు. మీ చిన్న బాపమ్మ ముప్పై ఏళ్లకు పైగా ఒక పాత కుష్ఠు దవాఖాన ఆవరణలోనే ఉంటోంది, రోగం ఎప్పుడో నయమైందంటున్నారు, మరి ఇంటికి తెచ్చుకుంటే పిల్లలకు అంటుకుంటుందా అన్నది మొదటిది. ఒకప్పుడు ఆపరేషన్లు జరిగిన ఆ దవాఖానలో ఇప్పుడు పుండ్లకు కట్లు కట్టడం, కసరత్తులు చేయించడం, ముసలివాళ్లను చూసుకోవడం తప్ప ఏమీ కనిపించడం లేదు, డిచ్‌పల్లి లాంటి పేరున్న దవాఖాన వెలిసిన ఈ ప్రాంతంలో ఇదంతా ఎందుకిలా అయింది అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు ఒక్క మాట: అంటుకోదు. మందుల కోర్సు పూర్తి చేసిన మనిషి నుంచి కుష్ఠు ఎవరికీ రాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా, మీ పాపను ఒళ్లో కూర్చోబెట్టుకున్నా రాదు. ఆమె కాలికి పుండు ఉన్నా సరే రాదు. ఆ పుండు క్రిమి వల్ల వచ్చింది కాదు, ఎందుకు వస్తుందో కింద చెబుతాను. నిజామాబాద్, కరీంనగర్ పల్లెల్లో కుష్ఠు విభాగంలో డీపీఎంవోగా (డిప్యూటీ పారామెడికల్ ఆఫీసరుగా) పనిచేసి రిటైర్ అయ్యాను. ఈ ప్రశ్న వేయని ఇల్లు నేను చూడలేదు, కాబట్టి అడిగినందుకు మొహమాటపడకండి.

రెండోదానికి కొంచెం వెనక్కి వెళ్లాలి. దవాఖాన దిగజారి ఆశ్రమం అయిందని మీరు రాశారు. నేను అలా అనుకోను. క్రిమిని చంపే మందు దొరికింది, కానీ చచ్చిన నరానికి మందు దొరకలేదు. రోగం పోయింది, రోగం చేసిన నష్టం మిగిలింది. ఆ మిగిలినదాన్ని చూసుకునే పని మీద పడింది కాబట్టే దవాఖాన రూపం మారింది.

డిచ్‌పల్లి సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే మన దగ్గర ఈ పనికి మొదలు అదే. ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ స్కాట్లాండులో పుట్టి, 1903లో అబర్డీన్ విశ్వవిద్యాలయంలో డాక్టరు పట్టా తీసుకున్నారు. భర్త జార్జ్ కెర్ పాదిరి. ఇద్దరూ 1907లో వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు. 1924లో మెదక్ చర్చిని ప్రతిష్ఠించిన మిషన్ ఇదే. ఆడవాళ్లను చూసే డాక్టరమ్మే అరుదైన రోజులు. ఆమె దగ్గరికి వచ్చే రోగుల్లో కుష్ఠు ఉన్నవాళ్లూ ఉండేవారు. వాళ్లను ఏ దవాఖానా లోపలికి రానివ్వదు, ఊరూ రానివ్వదు. 1911లో నిజామాబాద్‌లో వాళ్ల కోసం చిన్న ఏర్పాటు మొదలైంది. వచ్చేవాళ్లు ఎక్కువై ఆ చోటు చాలలేదు. అప్పుడు ముందుకొచ్చిన దాత రాజా నర్సా గౌడ్. హిందువు, ఇక్కడివాడు, తన మతం కాని మిషన్ దవాఖానకు పెద్ద మొత్తం ఇచ్చాడు. ఆ దన్నుతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా దవాఖాన లేచింది. ఈ పేరు మన పిల్లలకు తెలియాలని నాకు గట్టిగా ఉంటుంది. దవాఖాన కథ చెప్పినప్పుడల్లా దొరల పేర్లే వినిపిస్తాయి, నర్సా గౌడ్ పేరు జారిపోతుంది.

డిచ్‌పల్లి నిజామాబాద్‌కు దగ్గర, హైదరాబాద్ దారి మీద ఉంది, రైలు స్టేషనూ ఉంది. బస్సులు లేని కాలంలో, నడవడమే కష్టమైన రోగులకు ఇది చిన్న విషయం కాదు.

అప్పుడు చేతిలో ఉన్న మందు చాల్‌మోగ్రా అనే చెట్టు గింజల నూనె. పడమటి కనుమల అడవుల్లో కాసే హిడ్నోకార్పస్ గింజల నుంచీ అదే జాతి నూనె తీసేవారు. తాగిస్తే వాంతులు, కడుపులో తిప్పడం. రోజూ తాగగలిగినవాళ్లు తక్కువ. తర్వాత దాన్ని సూదిమందుగా మార్చారు. కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూర్ వంటి డాక్టర్లు ఆ పద్ధతిని మెరుగుపరిచారు, 1920ల్లో డిచ్‌పల్లిలో పెద్ద ఎత్తున వాడారు. సూది పొడిచిన చోట గడ్డకట్టి నొప్పి పెట్టేది, వారాల తరబడి, నెలల తరబడి పొడిపించుకోవాలి. అయినా జనం వచ్చారు. అంతకంటే మంచి మందు అప్పట్లో లేదు కదా. రోగం తొలి దశలో ఉన్నవాళ్లలో కొంత గుణం కనిపించేది, ముదిరినవాళ్లలో పెద్దగా లేదు. ఇసబెల్ కెర్‌కు 1923లో, ప్రజాసేవకు బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చే కైసర్-ఇ-హింద్ పతకం వచ్చింది. 1932 జనవరిలో ఆమె చనిపోయారు.

ఈ కాలంలో కుష్ఠు దవాఖాన అంటే వార్డులు, మందుల గది మాత్రమే కాదు. నెలలు, ఏళ్లు ఉండాల్సిన చోటు అది. తిండి పండించుకోవాలి, బట్ట నేసుకోవాలి, పిల్లలుంటే చదువు చెప్పించాలి. అందుకే ఇలాంటి చోట్లన్నీ పొలం, మగ్గం, వడ్రంగం, బడి, గుడి లేదా చర్చి అన్నీ కలిసి ఒక ఊరులా పెరిగాయి. పని చేస్తే వేళ్లు పట్టు కోల్పోవని, మనసు కుంగిపోదని డాక్టర్లు గమనించారు. పని అక్కడ కాలక్షేపం కాదు, వైద్యంలో భాగం. అంటే మీరు ఇప్పుడు చూస్తున్న కసరత్తులు, చేతిపనులు, చూసుకోవడం అన్నవి కొత్తగా వచ్చి చేరినవి కావు. మొదటి రోజు నుంచీ ఉన్నాయి. మధ్యలో యాభై, అరవై ఏళ్లు మందులు, ఆపరేషన్లు ముందుకొచ్చాయి, ఇవి వెనక ఉండిపోయాయి. ఇప్పుడు మళ్లీ ఇవే మిగిలాయి.

డిచ్‌పల్లిలో పనిచేసిన ఇంకో డాక్టరు జాన్ లో. ఇక్కడ కుష్ఠు మీద చేయి తిరిగి, కలకత్తా వెళ్లి పరిశోధన చేసి, తర్వాత ఆఫ్రికాలో నైజీరియా ఉజువాకోలి చేరారు. 1940ల చివర అక్కడ డాప్సోన్ అనే కొత్త కుష్ఠు మందు మాత్రను నోటి ద్వారా చవకగా, ప్రమాదం లేకుండా ఇవ్వవచ్చని చూపించినవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఆ ఉజువాకోలిలోనే పనిచేసిన ఫ్రాంక్ డేవీ తర్వాత మన డిచ్‌పల్లికి వచ్చారు. 1970ల మొదట్లో మందు మొదలుపెట్టని రోగుల ముక్కు నుంచి క్రిములు ఎంతగా బయటికి వస్తాయో, మందు పడ్డాక ఎలా తగ్గిపోతాయో గమనించిన పరిశోధనలో ఆయన పాలు ఉంది. కుష్ఠు ప్రధానంగా ముక్కు నుంచి, అదీ మందు తీసుకోని మనిషి నుంచే పాకుతుందన్న అవగాహన బలపడటానికి అది తోడ్పడింది. మీ మొదటి ప్రశ్నకు నేను ధైర్యంగా జవాబు చెప్పగలగడానికి వెనక ఉన్నవి ఇలాంటి పనులే. నిజామాబాద్ పక్క ఊళ్లో జరిగిన పని ప్రపంచానికి పనికొచ్చిందంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొన్ని వారాలకే దక్షిణాది ప్రొటెస్టెంటు సంఘాలు కలిసి సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయ్యాయి. ఈ దవాఖాన మెదక్ డయోసీస్ కిందికి వచ్చింది. సరిగ్గా ఆ సమయంలోనే డాప్సోన్ మన దేశంలోకి వచ్చింది. కుష్ఠు దవాఖానల చరిత్రలో అసలు మలుపు ఇక్కడ ఉంది. అప్పటిదాకా రోగి దవాఖానకు వచ్చి ఉండిపోవాలి. మాత్ర వచ్చాక మందే రోగి ఊరికి వెళ్లగలదు. 1955లో జాతీయ కుష్ఠు నియంత్రణ కార్యక్రమం మొదలైంది. సర్వే చేయడం, జనానికి చెప్పడం, మందు ఇవ్వడం అనే మూడు పనులతో మా ముందుతరం ఉద్యోగులు సైకిళ్ల మీద ఊరూరా తిరిగారు. బడిలో పిల్లల చొక్కాలు విప్పించి వీపు మీద మచ్చలు చూసేవాళ్లు. చెట్టు కింద గోనెపట్టా పరిచి మాత్రలు ఇచ్చేవాళ్లు. దవాఖానకు వెళ్తే ఊరికి తెలిసిపోతుందని భయపడేవాళ్లు కూడా చెట్టు కిందికి వచ్చేవారు.

కానీ డాప్సోన్ ఒక్కటే అయితే ఏళ్ల తరబడి మింగాలి, ముదిరిన కేసుల్లో జీవితాంతం అనేవాళ్లు. ఎవరు మింగుతారు? మచ్చ పాలిపోగానే ఆపేసేవారు. కొన్నేళ్లకు మళ్లీ తిరగబెట్టేది. పైగా క్రిమి ఆ మందుకు లొంగకపోవడం 1960ల్లోనే తేలింది. అందుకని 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్ కలిపి ఇచ్చే ఎండీటీని సూచించారు. మన దేశం 1983లో కార్యక్రమం పేరును నియంత్రణ నుంచి నిర్మూలనకు మార్చి, జిల్లా తర్వాత జిల్లాకు దాన్ని తీసుకొచ్చింది. తక్కువ క్రిములున్న రకానికి ఆరు నెలలు, ఎక్కువ ఉన్న రకానికి మొదట రెండేళ్లు, తర్వాత ఏడాది. క్లోఫాజిమిన్ వల్ల ఒళ్లు నల్లబడుతుంది. ఆడపిల్లల తల్లులు దానికే ఎక్కువ బాధపడేవారు, మందు ఆపాక కొన్ని నెలలకు తగ్గుతుందని మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చేది. ఫలితం మాత్రం కళ్ల ముందు కనిపించింది. 1980ల మొదట్లో దేశంలో 10,000 మందికి 57 మందికి పైగా చికిత్సలో ఉండేవారు. 2005 డిసెంబరు నాటికి ఆ సంఖ్య ఒకటి కంటే తక్కువకు దిగింది.

ఇంకేం, దవాఖానల్లో మంచాలు ఖాళీ కావాలి. మందుల కోసం చేరేవాళ్ల మంచాలు ఖాళీ అయ్యాయి కూడా. మీ చిన్న బాపమ్మ లాంటివాళ్ల మంచాలు కాలేదు. ఎందుకో చెప్పాలంటే నరాల సంగతి చెప్పాలి.

కుష్ఠు క్రిమి చాలా మెల్లగా పెరుగుతుంది. ఒకటి రెండు కావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. ఒంట్లో చల్లగా ఉండే చోట్లంటే దానికి ఇష్టం, అందుకే చర్మం, ముక్కు, పైపైన ఉండే నరాలు దాని ఇల్లు. మోచేతి వెనక ఎముక మీదుగా ఒక నరం వెళ్తుంది, తగిలితే జిల్లుమంటుంది. అది దెబ్బతింటే చిటికెన వేలు, ఉంగరపు వేలు ముడుచుకుంటాయి, ఆ పక్క స్పర్శ పోతుంది. మోకాలి పక్కన ఉన్న నరం పోతే పాదం పైకి లేవదు, ఈడుస్తూ నడుస్తారు. చీలమండ లోపలి వైపు నరం పోతే అరికాలు మొద్దుబారుతుంది. మొహం నరం పోతే కన్ను పూర్తిగా మూతపడదు. మందు పడ్డాక కూడా కొందరికి రియాక్షన్ వస్తుంది. చచ్చిన క్రిములమీద ఒళ్లు చేసే పోరాటం అది, నరాలు వాచి నొప్పి పెడతాయి. ఆ రియాక్షన్ ఉన్న రోజుల్లోనే వాపు తగ్గించే ప్రెడ్నిసొలోన్ మందు పడితే నరం దక్కుతుంది, ఆలస్యమైతే పోతుంది. ఆరు నెలలు దాటి చచ్చిపోయిన నరం మళ్లీ లేవడం అరుదు.

మన జిల్లాల్లో స్పర్శ పోవడం అంటే ఏమిటో ఊహించండి. ఇక్కడ ఆడవాళ్ల పని బీడీలు చుట్టడం. తునికాకు కత్తిరించే కత్తెర వేలికి తగిలితే తెలియదు. కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టె తిప్పే చేయి కాలితే తెలియదు, మాడిన వాసన వచ్చాక చూసుకుంటారు. ఆర్మూర్ వైపు పసుపు తవ్వే రోజుల్లో కోసిన మొక్క మోడు అరికాలిలో దిగబడితే, సాయంత్రం నెత్తురు చూసి తెలుసుకుంటారు. నొప్పి తెలిసే మనిషి కుంటుతూ కాలికి విశ్రాంతి ఇస్తాడు. నొప్పి తెలియని మనిషి ఆ గాయం మీదే పదెకరాలు తిరుగుతాడు. మొద్దుబారిన అరికాలిలో పుండు అలా పుడుతుంది, చీము ఎముకకు చేరి వేలు కరిగిపోతుంది. కుష్ఠు వల్ల వేళ్లు రాలిపోతాయని జనం అంటారే, రాలగొట్టేది క్రిమి కాదు, చూసుకోని గాయం. ఆ పుండు ఎవరికీ అంటుకోదు, ఎందుకంటే అది దెబ్బ తాలూకు పుండే.

దవాఖానల పని ఇక్కడే మారింది. 1940ల చివర తమిళనాడు వేలూరులో పాల్ బ్రాండ్ అనే సర్జను ముడుచుకున్న వేళ్లను సరిచేసే ఆపరేషన్లు మొదలుపెట్టారు. బాగున్న కండరం స్నాయువును మార్చి, పనిచేయని వేలికి కలుపుతారు. ఈడ్చే పాదానికీ అలాంటిదే ఉంది. కానీ ఆపరేషన్ ఒక్క పూట పని, దాని ముందు వారాల కసరత్తు, తర్వాత వారాల కసరత్తు. వేలు ఎలా కదపాలో మెదడుకు కొత్తగా నేర్పాలి. సర్జను కంటే ఫిజియోథెరపిస్టు ఎక్కువ రోజులు కష్టపడతాడు. అలాగే మొద్దుబారిన పాదాలకు మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్) రబ్బరు చెప్పులు వచ్చాయి. వీటిని కుట్టే చెప్పుల గది ఒక్కొక్క దవాఖానలో ఆపరేషన్ థియేటర్ కంటే ఎక్కువ కాళ్లను కాపాడింది. ఈ మాట నేను అతిశయోక్తిగా అనడం లేదు. మానని పుండుకు, పాదమంతటికీ అతుక్కుని ఉండే ప్లాస్టరు కట్టు వేస్తే, నెలల తరబడి మానని పుండ్లు వారాల్లో మానడం చూశాను.

ఇక ఇంటికి ఎందుకు వెళ్లలేదు అన్నది. మీ ఇంట్లో పెద్దవాళ్లు మీకు చెప్పి ఉండకపోవచ్చు, నేను ఇతర ఇళ్లలో చూసింది చెబుతాను. మనిషి దవాఖానలో చేరిన రెండో ఏటికే ఇంట్లో లెక్కలు మారిపోతాయి. చెల్లెలికి సంబంధం చూడాలి, అక్క ఊసెత్తకూడదు. రేషన్ కార్డులో పేరు తీసేస్తారు. భూమి పట్టాలు తమ్ముళ్ల పేరున మారుతాయి. భర్త ఇంకో పెళ్లి చేసుకుంటాడు. పండక్కి ఇంటికొస్తే వేరే గ్లాసు, వరండాలో పడక. ఒకామెకు కోర్సు పూర్తయిందని నేను కాగితం ఇస్తే, దాన్ని చీర కొంగులో కట్టుకుని ఊరెళ్లి, మూడో రోజు తిరిగి వచ్చింది. అడిగితే ఒక్క మాటా చెప్పలేదు. ఆ కాగితం మాత్రం పెట్టెలో భద్రంగా ఉంచుకుంది. వాళ్లకు దవాఖాన జైలు కాదు. పేరు పెట్టి పిలిచే మనుషులు, తమలాంటివాళ్లు, ఒకరికొకరు వండి పెట్టుకునే స్నేహాలు అక్కడే దొరికాయి. చాలామంది అక్కడే పెళ్లి చేసుకున్నారు, పిల్లల్ని చదివించారు. ఆ పిల్లలకు కుష్ఠు లేదు.

చట్టం కూడా వాళ్ల పక్షాన లేదు. కుష్ఠు ఉన్న నిరుపేదను పట్టుకుని ఆశ్రమంలో పెట్టవచ్చన్న 1898 నాటి ఇంగ్లీషువాళ్ల చట్టాన్ని పూర్తిగా తీసేసింది 2016లో. కుష్ఠు ఉందని విడాకులు అడగవచ్చన్న అంశం హిందూ వివాహ చట్టంలోనూ, ఇతర వ్యక్తిగత చట్టాల్లోనూ 2019 దాకా ఉంది. మందు కనిపెట్టిన ఎన్నేళ్లకో చూడండి. చట్టసభలకే ఇంత ఆలస్యమైతే, ఊళ్లో అరుగు మీద కూర్చునేవాళ్లను ఏమనగలం?

2005 తర్వాత జరిగినదాని గురించి నాకు కోపం ఉంది, దాచుకోను. సంఖ్య ఒకటి కంటే తగ్గిందని ప్రకటించగానే రోగమే పోయినట్టు అందరూ అనుకున్నారు. కుష్ఠు విభాగాన్ని మామూలు వైద్యంలో కలిపేశారు. కలపడం మంచిదే, రోగిని వేరే గుమ్మం ముందు నిలబెట్టకూడదు. కానీ నరాన్ని వేలితో తడిమి వాపు గుర్తుపట్టే ఉద్యోగులు రిటైర్ అవుతుంటే వాళ్ల స్థానంలో కొత్తవాళ్లను నింపలేదు. విదేశీ మిషన్ల నుంచి, దాతల నుంచి వచ్చే డబ్బు వేరే రోగాలకు మళ్లింది. దేశంలో ఇప్పటికీ ఏటా సుమారు లక్ష మంది కొత్త రోగులు దొరుకుతున్నారు, ప్రపంచంలో సగానికి పైగా మనవాళ్లే. మచ్చను తామర అనుకుని మెడికల్ షాపు మలాం రాసుకుంటూ, వేలు వంకరపోయాకే వచ్చేవాళ్లను నా సర్వీసు చివరి రోజుల్లోనూ చూశాను.

ఇలా డబ్బు తగ్గి, సర్జన్లు వెళ్లిపోయి, మిగిలిన రోగులు ముసలివాళ్లై, పాత కుష్ఠు దవాఖానలు కొన్ని మామూలు దవాఖానలుగా మారాయి, కొన్ని మీరు చూసినట్టు సంరక్షణ కేంద్రాలుగా నిలబడ్డాయి, కొన్ని మూతపడ్డాయి. ఈ మూడింటిలో సంరక్షణ కేంద్రాన్ని తక్కువగా చూడకండి. అక్కడి డ్రెస్సరుకు, నర్సమ్మకు తెలిసిన విద్య ఇప్పుడు ఊరంతటికీ కావాలి. షుగరు ముదిరినవాళ్ల అరికాళ్లు మొద్దుబారుతున్నాయి, అదే పుండు, అదే కట్టు, అదే చెప్పు. పక్షవాతం వచ్చినవాళ్లకు చేతి కసరత్తు చేయించేవాళ్లు మండలాల్లో దొరకడం లేదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఈ ఆవరణల గేట్లు షుగరు కాళ్లకు, పక్షవాతానికి కూడా తెరవాలి. అప్పుడు విద్య బతుకుతుంది, కుష్ఠు పేరు మీద వేరుగా కట్టిన గోడా పోతుంది. షుగరు ఉన్న పటేలు, కుష్ఠు నయమైన ముసలమ్మ ఒకే బెంచీ మీద కూర్చుని కాళ్లు చూపించుకుంటే, నేను ఉద్యోగంలో చెప్పిన ఉపన్యాసాలన్నిటికంటే అది ఎక్కువ పనిచేస్తుంది.

ఇప్పుడు మీ చిన్న బాపమ్మ. తెచ్చుకోవచ్చు, కానీ ముందు ఆమెను అడగండి. మీకు మంచి మనసుంది, ఆమెకు అక్కడ ముప్పై ఏళ్ల బతుకు ఉంది. పక్క మంచం ఆమెను వదిలి రానంటే అర్థం చేసుకోండి. మొదట బతుకమ్మకో, ఇంట్లో పెళ్లికో నాలుగు రోజులకు తీసుకురండి. వేరే కంచం, వేరే గ్లాసు పెట్టకండి. ఇంట్లో మీ అమ్మగారికి, మీ ఆవిడకు ఆమె రాకముందే అంతా వివరంగా చెప్పండి. వచ్చాక గుసగుసలు వినిపిస్తే ఆమె మళ్లీ రాదు. భయం తీరకపోతే పీహెచ్‌సీలో డాక్టరు చేత చెప్పించండి.

ఇంట్లో చూసుకోవాల్సింది మూడు చోట్ల: కళ్లు, చేతులు, కాళ్లు. రోజూ సాయంత్రం అరికాళ్లు, వేళ్ల సందులు చూడాలి, ఆమెకు వంగడం కష్టమైతే మీ పిల్లలు చూడవచ్చు. ఎర్రగా, వేడిగా, బొబ్బగా ఏమైనా ఉంటే ఆ రోజు నడక బంద్. పుండు లేని కాళ్లను, చేతులను ఇరవై నిమిషాలు మామూలు నీళ్లలో నానబెట్టి, గట్టిపడిన చర్మాన్ని గరుకు రాయితో మెల్లగా రుద్ది, తడి మీదే కొబ్బరినూనో వేరుశనగ నూనో రాయాలి. వేడినీళ్లు ఆమె చేత పట్టి చూడనివ్వకండి, చేయి కాలినా తెలియదు. పొయ్యి దగ్గర గుడ్డ పట్టుకోవడం అలవాటు ఉంటుంది, మీ ఇంట్లో గ్యాస్ మీద స్టీలు గిన్నెలకు చెక్క పిడులు చూడండి. ఎంసీఆర్ చెప్పులు ఇంట్లోనూ వేసుకోవాలి, గడప దగ్గర విడవమనకండి. ఆ ఒక్క ఆచారం ఆమె విషయంలో పక్కన పెట్టండి. కన్ను సరిగ్గా మూతపడకపోతే పడుకునేటప్పుడు శుభ్రమైన గుడ్డ కప్పాలి, పగలు మధ్య మధ్యలో గట్టిగా కళ్లు మూసి తెరవమనాలి, కన్ను ఎర్రబడితే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. పుండు నుంచి దుర్వాసన, జ్వరం, గజ్జల్లో బిళ్లలు కనిపిస్తే ఇంట్లో పసుపు పెట్టి కూర్చోకుండా దవాఖానకు తీసుకెళ్లండి.

కాగితాల సంగతీ చూడండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో కుష్ఠు నయమైనవాళ్లు ఒక వర్గంగా ఉన్నారు. సదరం క్యాంపులో పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకుంటే పింఛను, రైలు రాయితీ వంటివాటికి దారి దొరుకుతుంది. ఆధార్ వేలిముద్ర పడక పింఛను ఆగిపోవడం వీళ్లకు మామూలే, అరిగిన వేళ్లకు ముద్రలు రావు. కంటిపాప స్కాన్‌తోనో, నామినీతోనో ఇవ్వమని పంచాయతీ కార్యదర్శిని అడగండి. చెప్పులు, కట్టు సామాను జిల్లా కుష్ఠు విభాగంలో ఉచితంగా ఇస్తారు, మీ పీహెచ్‌సీ పరిధిలోని డీపీఎంవోను కలిసి పేరు రాయించండి.

చివరగా ఒక్క జాగ్రత్త. ఆమెను తీసుకొచ్చే రోజున దవాఖాన రిజిస్టరులో పేరు కొట్టేయించకండి. సెలవు మీద వెళ్తున్నట్టు రాయమనండి, నెల రోజులో రెండు నెలలో. ఇల్లు అలవాటైందని ఆమె నోటితో చెప్పాకే ఆ సంతకం పెట్టించండి.